పదమూడో రోజు గడప తొక్కేదెవరు?

(విజయనగరంలో ఆశా కార్యకర్తలు, పొదుపు సంఘాల మహిళలు, ఉపాధ్యాయులు హాజరైన సమావేశంలో, మానసిక వైద్య విభాగంలో పనిచేసి పదవీ విరమణ పొందిన ఒక నర్సు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఎండలో రెండేసి బస్సులు మారి వచ్చినవాళ్ళు మీలో చాలామంది ఉన్నారు. సాలూరు వైపు నుంచి, గరివిడి నుంచి, శ్రీకాకుళం జిల్లా నుంచి కూడా వచ్చారని చెప్పారు. వెనక వరుసలో చంటిబిడ్డతో కూర్చున్న తల్లి మొహమాటపడనక్కర్లేదు. బిడ్డ ఏడిస్తే ఏడవనివ్వండి, నాకేమీ అడ్డు కాదు.

ఒక ఇంట్లో మనిషి పోతే మన దగ్గర ఏం జరుగుతుందో మీకు తెలుసు. ఆ ఇంట్లో పొయ్యి వెలిగించరు. పక్కింటివాళ్ళు అన్నం వండి తెస్తారు. ఎక్కడెక్కడి బంధువులూ వచ్చి ఆ ఇల్లాలి పక్కన చాప మీద కూర్చుంటారు. వచ్చిన ప్రతివారూ "ఎలా జరిగిందమ్మా?" అని అడుగుతారు. ఆవిడ మొదటి నుంచీ చెబుతుంది, చెప్పినప్పుడల్లా ఏడుస్తుంది. మొదటి రోజు రెండు మాటలకే గొంతు పూడుకుపోయిన మనిషి, ఎనిమిదో రోజుకు చివరిదాకా చెప్పగలుగుతుంది. దీన్ని మనం పరామర్శ అంటాం. ఏ వైద్య కళాశాలా నేర్పకుండానే మన అమ్మమ్మలకు ఇది తెలుసు.

తరువాత పెద్దకర్మ అయిపోతుంది. షామియానా విప్పేస్తారు, అద్దె కుర్చీలు ఆటోలో వెళ్ళిపోతాయి. బంధువులు ఎవరి ఊరి బస్సు వాళ్ళు ఎక్కుతారు. పదమూడో రోజు పొద్దున్న ఆ ఇంట్లో ఆవిడ ఒక్కతే లేచి, ఇద్దరికి సరిపోయే బియ్యం కడిగి, అప్పుడు గుర్తొచ్చి సగం తిరిగి డబ్బాలో పోస్తుంది. ఆ రోజు ఆ గడప ఎవరు తొక్కుతారు? నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ చూసిన రోగుల్లో చాలామంది ఆ పదమూడో రోజు తరువాత జబ్బుపడినవాళ్ళే. ఇవాళ నేను చెప్పడానికి వచ్చింది కూడా ఆ రోజు గురించే.

చావుకైనా పన్నెండు రోజుల పరామర్శ ఉంది. మిల్లు మూతపడితే అదీ లేదు. ఈ ప్రాంతంలో ఈ మాట నేను వివరించి చెప్పాల్సిన పని లేదు. నెల్లిమర్ల, బొబ్బిలి, సాలూరు, కొత్తవలస, ఈ విజయనగరం పట్టణం, ఇవన్నీ జూట్ మిల్లుల కూతకు నిద్రలేచిన ఊళ్ళు. చుట్టుపక్కల రైతులు గోగు వేసేవారు, నార తీసేవారు, ఆ నార మిల్లుల్లో గోనెసంచి అయ్యేది. ప్లాస్టిక్ సంచులు వచ్చాయి, గోగు సాగు తగ్గిపోయింది, ముడిసరుకు ధర పెరిగింది. ఒక మిల్లు తరువాత ఒక మిల్లు లాకౌట్ అంటూ గేటుకు నోటీసు అతికించాయి. కొన్ని మళ్ళీ తెరిచారు, మళ్ళీ మూశారు. మూసి తెరిచి మూసే మిల్లు మనిషిని పూర్తిగా మూసిన మిల్లు కన్నా ఎక్కువ పాడుచేస్తుంది. ఎందుకంటే ఆశ వదులుకోవడానికి కూడా వీలుండదు.

అలాంటి ఒక కార్మికుడు మా ఓపీకి వచ్చాడు. యాభై దాటిన మనిషి. కడుపులో మంట, నిద్ర లేదు, అరికాళ్ళలో తిమ్మిరి అని చెప్పాడు. ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర నాలుగు సెలైన్లు ఎక్కించుకున్నాడు, బలం సూదులు వేయించుకున్నాడు. పరీక్షలన్నీ బాగానే ఉన్నాయి. నిద్ర ఎందుకు పట్టడం లేదని అడిగితే నాతో ఒక మాట అన్నాడు, నేను ఇప్పటికీ మరిచిపోలేదు. "మగ్గాల మోత లేదు కదమ్మా. ముప్పై ఏళ్ళు ఆ మోత చెవుల్లో పెట్టుకుని పడుకున్నాను. ఇప్పుడు ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంటే భయమేస్తోంది."

ఆయన భార్య ఆ పక్కనే గోడకు ఆనుకుని నిలబడి ఉంది. మిగతాది ఆవిడ చెప్పింది. లాకౌట్ అయి ఎనిమిది నెలలైనా ఆయన రోజూ మిల్లు కూత వేళకు లేస్తాడు. స్నానం చేసి, టిఫిన్ క్యారియర్ సర్దించుకుని, సైకిలు తీసుకుని వెళ్ళిపోతాడు. గేటు ఎదురుగా టీ కొట్టు బల్ల మీద కూర్చుంటాడు. షిఫ్టు దిగే వేళకు తిరిగి వస్తాడు. క్యారియర్‌లో అన్నం ఒక్కోరోజు అలాగే తిరిగి వస్తుంది. అత్తవారింట్లో ఉన్న కూతురికి మిల్లు మూతపడిన సంగతే తెలియదు, పండక్కి వచ్చినప్పుడు కూడా ఆయన "డ్యూటీ" కి వెళ్ళి వచ్చాడు.

ఆయనది నరాల బలహీనత కాదు, కుంగుబాటు. డాక్టరుగారు మందు రాశారు, అది అవసరమే. కానీ మందు ఇచ్చి పంపేస్తే ఆ మనిషి మళ్ళీ ఆ టీ కొట్టు బల్ల మీదికే వెళ్ళి కూర్చుంటాడు. "మీ లైనులో మీకు బాగా దగ్గరివాళ్ళు ఎవరండీ?" అని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత ఒక పేరు చెప్పి, "మిల్లు మూశాక మేం ఎదురుపడితే పక్క సందులోకి తిరిగిపోతున్నామమ్మా" అన్నాడు. చూడండి, ఒకే దెబ్బ తిన్న ఇద్దరు స్నేహితులు సిగ్గుతో ఒకరినొకరు తప్పించుకుని తిరుగుతున్నారు. ఒక్క వీధిలో రెండువందల ఇళ్ళలో ఒకటే బాధ, ఒక్కరూ నోరు విప్పరు. ఊరు దెబ్బతినడం అంటే నాకు ఇదే. జీతాలు ఆగడంతో పాటు మాటలు కూడా ఆగిపోవడం.

మేం ఆ స్నేహితుడి ఇంటికి కబురు పంపాం. అతను వచ్చాడు. ఇద్దరూ కలిసి పీఎఫ్ కాగితాలు పట్టుకుని తిరగడం మొదలుపెట్టారు. ఆ కాగితాలు త్వరగా తేలలేదు, డబ్బులు రావడానికి చాలాకాలం పట్టింది. అయినా మూడో నెలలో ఆయన వచ్చినప్పుడు నేను అడగకుండానే "క్యారియర్ కట్టడం మానేసిందమ్మా మా ఆవిడ, ఇంట్లోనే తింటున్నాను" అన్నాడు.

ఇప్పుడు కొన్ని అంకెలు చెబుతాను. బెంగళూరులోని నిమ్హాన్స్ అనే మానసిక వైద్య సంస్థ 2015-16లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేసింది. 12 రాష్ట్రాల్లో చేశారు. ఆ 12లో మన రాష్ట్రం లేదు, అయినా దేశం పరిస్థితి దాన్ని బట్టి తెలుస్తుంది. పెద్దవాళ్ళలో 10.6 శాతం మందికి, అంటే దాదాపు పదిమందిలో ఒకరికి, ఆ సమయంలో ఏదో ఒక మానసిక సమస్య ఉంది. వాళ్ళలో వైద్యం అందనివారు, జబ్బును బట్టి, 70 నుంచి 92 శాతం. మీ వీధిలో రెండువందల మంది పెద్దవాళ్ళు ఉంటే, అందులో ఇరవైమందికి ఇలాంటి బాధ ఉందనుకోండి. ఆ ఇరవైలో పద్నాలుగు, పదహారు, కొన్నిసార్లు పద్దెనిమిది మంది ఎవరికీ చూపించుకోలేదు. వాళ్ళు మీకు తెలిసినవాళ్ళే. రేషన్ దుకాణం వరుసలో మీ ముందు నిలబడినవాళ్ళే.

వాళ్ళు వచ్చి "నాకు డిప్రెషన్" అని చెప్పరు. మన మనుషులు మనసు బాధను ఒంటితో చెబుతారు. గుండె దడ, తల మీద బరువు, ఒళ్ళంతా మంటలు, వెన్నులో చీమలు పాకుతున్నట్టు. కాస్త దగ్గరివాళ్ళయితే "బెంగగా ఉంది", "దిగులుగా ఉంది", "ఆలోచనలు ఎక్కువైపోయాయి" అంటారు. ఈ మాటలను తేలిగ్గా తీసుకోకండి. ముఖ్యంగా "ఆలోచనలు ఎక్కువైపోయాయి" అనే మాట. ఆ మాట నేను ఇంకోచోట కూడా విన్నాను, తరువాత చెబుతాను. దుఃఖం అందరికీ ఉంటుంది, అది జబ్బు కాదు. కానీ రెండు వారాలు దాటి, దాదాపు రోజంతా, ఇష్టమైన పని మీద కూడా మనసు పోకుండా, నిద్ర, తిండి, పని మూడూ చెడితే అప్పుడు అది దుఃఖం దాటి పోయింది. ఆ గీత గుర్తుపట్టడం మీకు నేర్పిస్తే చాలు, మిగతాది డాక్టరు చూసుకుంటారు.

శ్రీకాకుళం నుంచి వచ్చినవాళ్ళు ఉన్నారు కాబట్టి, ఆ జిల్లా తీరంలోని తోటల ప్రాంతం ఉద్దానం గురించి చెప్పాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఒక్క రాత్రిలో కొబ్బరితోటలు, జీడితోటలు నేలకు ఒరిగాయి. అక్కడ కొబ్బరిచెట్టును పెద్దకొడుకు అంటారు. నాటు రకం కొబ్బరి మొక్క పెడితే కాపుకు రావడానికి ఆరేడేళ్ళు పడుతుంది. అరవై ఏళ్ళ రైతు పడిపోయిన తోట మధ్యలో నిలబడి లెక్క వేసుకుంటే, ఆ లెక్క పంటల దగ్గర ఆగదు, తన ఆయుష్షు దాకా వెళుతుంది.

మొదటి పన్నెండు రోజులూ అందరూ వచ్చారు. బియ్యం వచ్చింది, టార్పాలిన్లు వచ్చాయి, కెమెరాలు కూడా వచ్చాయి. ఇక్కడ ఒక విషయం జాగ్రత్తగా వినండి. పరామర్శలో చెప్పుకోవడం మంచిదన్నాను కదా. అలాగని విపత్తులో చిక్కినవాళ్ళను కూర్చోబెట్టి "ఏం జరిగిందో అంతా చెప్పు" అని బలవంతంగా చెప్పించడం మేలు చేయదు. కొందరికి కీడు కూడా చేస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా అలాంటి పద్ధతిని వద్దంటుంది. పరామర్శలో ఆవిడ తన ఇంట్లో, తన చాప మీద, తన మనుషులకు, తనకు చెప్పాలనిపించినంత చెబుతుంది. మైకు పట్టుకున్న కొత్తమనిషికి చెప్పడం వేరు. మొదటి రోజుల్లో చేయాల్సింది చిన్న పని. ఎవరికి ఏం కావాలో చూడాలి, చెబితే వినాలి, కావలసిన చోటికి చేర్చాలి. తడిసిపోయిన బీపీ మాత్రలు మళ్ళీ తెప్పించి ఇవ్వడం, విడిపోయిన తల్లికీ బిడ్డకూ ఫోను కలపడం, ఇవి కూడా మానసిక వైద్యమే. పదమూడో రోజు తరువాత ఏమిటన్న ప్రశ్నకు మాత్రం ఎవరి దగ్గరా జవాబు లేకపోయింది.

దానికి ముందు నుంచీ ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఉంది. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, ఆ మండలాల్లో కారణం పూర్తిగా తేలని మూత్రపిండాల జబ్బు ఇంటింటా తిష్ఠ వేసింది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి, మంచినీటి పథకం వచ్చింది. వీటికోసం ఆ ప్రాంతం ఎన్నాళ్ళు అడిగిందో మీకు తెలుసు. డయాలిసిస్ అంటే వారానికి రెండు మూడుసార్లు, వెళ్ళినప్పుడల్లా నాలుగేసి గంటలు. రాను పోను ప్రయాణం కలిపితే రోజు పోయినట్టే.

అక్కడ ఒక ఇంటికి వెళ్ళాను. అరుగు మీద కొబ్బరిపీచు ఆరబోసి ఉంది. ఆయన లోపల మంచం మీద పడుకుని ఉన్నాడు. ఆవిడ ఒక బట్టల దుకాణం సంచీ తెచ్చి నా ముందు పెట్టింది. అందులో అన్నీ రిపోర్టులు, తేదీల వరుసలో, నెలకొక రబ్బరు బ్యాండు వేసి. ఆవిడకు చదువు రాదు. కానీ కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్ అంకె ఆయనకు ఏ నెలలో ఎంతో చూడకుండా చెప్పింది. నేను కాగితాలు పక్కన పెట్టి, "నువ్వు ఎలా ఉన్నావమ్మా?" అని అడిగాను. ఆవిడ వెనక్కి తిరిగి చూసింది. వెనక ఇంకెవరో వచ్చారనుకుంది. నేను తననే అడుగుతున్నానని అర్థమయ్యాక, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "నాకేం జబ్బు లేదు సిస్టరమ్మా" అంది. నిన్న ఏం తిన్నావంటే గుర్తులేదు. రాత్రి ఎప్పుడు పడుకున్నావంటే, "ఆయనకు ఆయాసం వస్తుందేమోనని చూస్తూ ఉంటాను" అంది. ఎన్నాళ్ళ నుంచి? "నాలుగేళ్ళ నుంచి."

ఆ ఇంటికి నెలనెలా ఎవరో ఒకరు వెళుతూనే ఉన్నారు. పింఛను ఇవ్వడానికి, నీటి నమూనా తీసుకోవడానికి, సర్వే రాసుకోవడానికి. అంతమంది వెళ్ళినా ఆవిడను ఒక్కరూ ఆ ప్రశ్న అడగలేదు. అడగాలని మనకెవరూ చెప్పలేదు కాబట్టి మన ఫారాల్లో ఆ గడి లేదు. రేపటి నుంచి మీరు ఏ ఇంటికి వెళ్ళినా, జబ్బు మనిషిని చూశాక, ఆ మనిషిని చూసుకుంటున్న మనిషిని కూడా చూడండి. ఇది నా ప్రార్థన.

మనకు వ్యవస్థ లేదా అంటే ఉంది. పూర్వం ఉత్తరాంధ్రలో మనసు చెదిరినవారికి ఒకటే దారి, విశాఖపట్నం చినవాల్తేరు. అక్కడ వందేళ్ళకు పైబడిన మానసిక వైద్యశాల ఉంది. వాల్తేరు పేరు చెబితేనే జనం జడిసేవారు. ఆ భయం ఆ ఆసుపత్రి చేసిన పాపం కాదు. చాలా ఆలస్యంగా, గొలుసులు వేసి తీసుకెళ్ళే దశలో మాత్రమే అక్కడికి వెళ్ళిన మన అలవాటు దానికి కారణం. 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం వచ్చింది. కర్ణాటకలోని బళ్ళారి జిల్లాలో ఒక ప్రయోగం చేశారు. పీహెచ్‌సీ, అంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, డాక్టర్లకూ ఆరోగ్య కార్యకర్తలకూ శిక్షణ ఇచ్చి, మందులు అక్కడే ఇస్తే సరిపోతుందా అని చూశారు. ఆ అనుభవంతో 1996లో నాలుగు జిల్లాల్లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలై, తరువాత దేశమంతా వ్యాపించింది. ఆలోచన చాలా మంచిది. మనిషి ఆసుపత్రికి రావడం కాదు, వైద్యమే మనిషి దగ్గరికి వెళ్ళాలి.

ఆచరణలో ఏం జరిగిందో మీలో ఆశా కార్యకర్తలకు తెలుసు. నిపుణుడు వచ్చే రోజు ఒకటి ఉంటుంది, ఆ రోజు కూలి పోతుంది, బస్సు ఛార్జీ అవుతుంది, తోడు వచ్చేవారి కూలి కూడా పోతుంది. ఒకసారి వెళితే మాత్రలు అయిపోయాయంటారు. రెండోసారి మనిషి వెళ్ళడు. నేను పనిచేసిన ఒకచోట నిద్రమాత్రలు ఉండేవి కానీ అసలు జబ్బుకు వాడాల్సిన మాత్రలు నెలల తరబడి లేవు. ఇంటికి వెళ్ళాక నాకు అన్నం సయించేది కాదు. రోగిని నమ్మించి తీసుకొచ్చింది నేను, ఖాళీ చేతులతో పంపించింది నేను. కుంగుబాటు మందు పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, తగ్గినట్టు అనిపించగానే ఆపకూడదు. ఇదంతా చెప్పి ఒప్పించాక మందే దొరకకపోతే, మనం ఆ మనిషి దగ్గర మాట పోగొట్టుకుంటాం. ప్రతి పీహెచ్‌సీలో ఏడాది పొడవునా మందు ఉండాలి. సంఘాల తరఫున మీరు ఇది గట్టిగా అడగండి. దయ చేయమని అడగడం కాదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. ప్రభుత్వం నడిపే సేవల్లో మానసిక వైద్యం పొందడం ప్రతి మనిషి హక్కని అందులో రాసి ఉంది.

అదే చట్టం మనిషిని ఏ రూపంలోనూ గొలుసుతో కట్టకూడదంటుంది. 2001 ఆగస్టులో తమిళనాడులోని ఏర్వాడిలో, మంచాలకు, స్తంభాలకు గొలుసులతో కట్టేసిన రోగులు పాక అంటుకుంటే పారిపోలేక కాలిపోయారు. ఇరవైమందికి పైగా. మన దగ్గర కూడా "చిల్లంగి పెట్టారు", "గాలి సోకింది" అని ముందు మంత్రగాడి దగ్గరికి తీసుకెళతారు. నేను వాళ్ళను ఎగతాళి చేయను, మీరూ చేయకండి. ఇంట్లో బిడ్డ తనలో తాను మాట్లాడుకుంటూ, అన్నంలో విషం కలిపారంటూ ఉంటే ఆ తల్లి ఎక్కడ దీపం కనిపిస్తే అక్కడికి పరుగెడుతుంది. "అమ్మవారికి మొక్కుకో తల్లీ, మొక్కుతో పాటు ఈ మాత్ర కూడా వెయ్యి" అని చెప్పినప్పుడు నా మాట విన్న తల్లులు చాలామంది. పైడితల్లి అమ్మవారు మాత్ర వేసుకోవద్దని ఎవరికీ చెప్పలేదు. కొట్టడం, వాతలు పెట్టడం, కట్టేయడం కనిపిస్తే మాత్రం అక్కడ మర్యాదలు చూడకండి. వెంటనే ఆపించండి.

ఇందాక ఒక మాట మధ్యలో వదిలేశాను. ఆఫ్రికాలో జింబాబ్వే అనే దేశం ఉంది. 2005లో అక్కడి ప్రభుత్వం పట్టణాల్లో పేదల ఇళ్ళను, బడ్డీలను కూలగొట్టించింది. లక్షలమంది వీధిన పడ్డారు. దేశం మొత్తానికీ పదిమందికి అటూ ఇటూగా మానసిక వైద్యులు. వాళ్ళలో డిక్సన్ చిబాండా అనే డాక్టరు ఉన్నారు. ఆయన రోగి ఒకమ్మాయి, బస్సు ఛార్జీకి డబ్బు లేక ఆసుపత్రికి రాలేక, ప్రాణం తీసుకుంది. ఆ దెబ్బతో ఆయన 2006లో హరారే నగరంలో ఒక పేటలో పద్నాలుగు మంది అమ్మమ్మలను చేరదీశారు. వాళ్ళు అప్పటికే మీలాగే ఆరోగ్య కార్యకర్తలు. క్లినిక్ బయట చెట్టు కింద ఒక చెక్క బెంచీ వేశారు. దిగులుతో వచ్చినవారు అమ్మమ్మ పక్కన కూర్చుంటారు. ఆవిడ వింటుంది, బాధలన్నీ చెప్పించి, "వీటిలో ముందు ఏది పట్టుకుందాం?" అని ఒకటి ఎంచుకోమంటుంది, ఆ ఒక్కదానికి దారి వాళ్ళచేతే వెతికిస్తుంది. అక్కడివాళ్ళు కుంగుబాటుకు వాడే మాట కుఫుంగిసిస. అంటే ఆలోచనలు ఎక్కువైపోవడం. సముద్రాలకు ఆవల మన మాటే.

దీన్ని ఊరికే మెచ్చుకుని వదిలేయలేదు, పరీక్షించి చూశారు. 2016లో ఫలితాలు అచ్చయ్యాయి. ఆరునెలల తరువాత, మామూలు వైద్యం అందినవారిలో దాదాపు సగంమందికి కుంగుబాటు లక్షణాలు మిగిలే ఉన్నాయి. బెంచీ మీద కూర్చున్నవారిలో ఏడుగురిలో ఒకరికి మాత్రమే మిగిలాయి. మన దేశంలో గోవాలో కూడా డాక్టర్లు కాని మామూలు మనుషులకు శిక్షణ ఇచ్చి ఇలాంటి పని చేయించారు, అక్కడా మేలు జరిగింది. బెంచీకి అయ్యే ఖర్చు ఎంత? మన ఊళ్ళలో రచ్చబండలు ఉన్నాయి, సంఘం మీటింగులు ఉన్నాయి. బెంచీ దొరకడం కష్టం కాదు. పక్కన కూర్చున్న మనిషి నోరు మూసుకుని వినడం కష్టం.

నేను తమాషాకు అనడం లేదు. మనకు వినడం రాదు. ఎవరైనా బాధ చెబుతుంటే మనం "ఊరుకో, ధైర్యంగా ఉండు" అంటాం. "నీకేం తక్కువ? ఫలానా వాళ్ళను చూడు" అంటాం. ఆ మాటలు మంచి మనసుతోనే అంటాం, కానీ అవతలి మనిషికి "ఇక చాలు, ఆపు" అని వినిపిస్తాయి. ధైర్యం లేక వచ్చిన మనిషికి ధైర్యంగా ఉండమని చెప్పడం, జ్వరం వచ్చినవాడిని చల్లబడు అని ఆజ్ఞాపించడమే. దానికి బదులు "ఎప్పటి నుంచి ఇలా ఉంది?" అని అడిగి ఆగండి. ఆగినప్పుడు నిశ్శబ్దం వస్తుంది. ఆ నిశ్శబ్దాన్ని మీరు మాటతో పూడ్చేయకండి.

ఇంకొక మాట అడగాలంటే మీకు నోరు రాదు, అయినా అడగాలి. "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" ఈ ప్రశ్న అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు అవుతుందని అందరూ భయపడతారు. అలా కాదు. ఎన్నో పరిశీలనల్లో తేలింది, అడగడం వల్ల ప్రమాదం పెరగదు. లోపల ఒంటరిగా మోస్తున్నదాన్ని ఎవరో అడిగారన్న ఊరట కలుగుతుంది. అవునంటే ఆ మనిషిని ఒంటరిగా వదలకండి. ఇంట్లో పురుగుమందులు ఉంటే అవి చేతికి అందకుండా ఇంటివాళ్ళచేత వేరేచోటికి చేర్పించండి. ఆ ఉద్ధృతి చాలామందిలో కొద్దిసేపే ఉంటుంది, ఆ కాసేపు గడిస్తే ప్రాణం నిలుస్తుంది. 14416 నంబరుకు ఫోను చేయండి. టెలి మానస్ అంటారు, 2022 అక్టోబరు 10న మొదలైంది, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టనక్కర్లేదు. ఎవరైనా ఇప్పటికే ప్రయత్నం చేసి ఉంటే కేసు అవుతుందని దాచిపెట్టి ఆలస్యం చేయకండి. 2017 చట్టంలోని 115వ సెక్షను, అలాంటి మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టు భావించాలని, శిక్షించకూడదని చెబుతుంది. 2024 జులై నుంచి వచ్చిన కొత్త న్యాయ సంహితలో, ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత 309వ సెక్షనే లేదు. ముందు ఆసుపత్రికి చేర్చండి.

ఒక గట్టి మాట కూడా చెప్పాలి. ఊళ్ళోవాళ్ళు ఊళ్ళోవాళ్ళకు సాయం చేయడంలో ఒక పెద్ద ప్రమాదం ఉంది, అది కబుర్లు. మీతో చెప్పిన మాట సాయంత్రానికి కుళాయి దగ్గర వినిపిస్తే, ఆ మనిషి ఇక జన్మలో నోరు విప్పదు. పైగా ఆ ఇంటి పిల్ల పెళ్ళి సంబంధం తప్పిపోతుంది. మీ భర్తకు కూడా చెప్పకండి. ప్రాణానికి ముప్పు ఉన్నప్పుడు మాత్రమే, అది కూడా ఆ మనిషికి చెప్పి, అవసరమైనంత వరకే బయటికి రావాలి.

మీ సంగతి కూడా నాకు తెలుసు. మీకు ఇప్పటికే టీకాలు, గర్భిణుల నమోదు, ఫోనులో యాప్‌లు. దీని మీద ఇంకొక బాధ్యత పెడుతున్నారని మీకు అనిపిస్తే అది న్యాయమే. పదిమంది దుఃఖం విన్న మనిషి దుఃఖం వినడానికి పదకొండో మనిషి కావాలి. వారానికి ఒకసారి మీరందరూ ఒకచోట కూర్చుని, మీకు భారమైన ఇళ్ళ గురించి ఒక తెలిసిన మనిషితో మాట్లాడుకునే ఏర్పాటు ఉండాలి. ఈ పనికి పారితోషికం ఉండాలి. అవి లేకుండా "సేవాభావం" అంటూ మీ మీద పెడితే నేను ఒప్పుకోను.

అలాగే, ఈ మధ్య సమావేశాల్లో "తట్టుకునే శక్తి" అనే మాట ఎక్కువగా వింటున్నాను. ఉత్తరాంధ్రవాళ్ళు ఎంత కష్టమైనా తట్టుకుంటారని పొగుడుతున్నారు. హుద్‌హుద్ తుపాను తట్టుకున్నారు, తిత్లీ తట్టుకున్నారు. 2018లో గుజరాత్ తీరం నుంచి వేటకు వెళ్ళి పాకిస్తాన్‌కు చిక్కిన మన మత్స్యకారులు 2020 జనవరిలో విడుదలయ్యారు, అంతకాలమూ వాళ్ళ ఇళ్ళల్లో ఆడవాళ్ళు తట్టుకున్నారు. నిజమే. కానీ ఆ పొగడ్త విన్నప్పుడల్లా నాకు కోపం వస్తుంది. తట్టుకుంటారు కదా అని తాగునీరు ఆలస్యం చేయకూడదు, బకాయి జీతాలు ఎగ్గొట్టకూడదు, ఇక్కడ పని చూపించకుండా కుర్రవాళ్ళను రైళ్ళెక్కించకూడదు. మిల్లు కార్మికుడికి నేను ఇచ్చే మాత్ర, అతని పీఎఫ్ డబ్బుకు బదులు కాదు. రెండూ కావాలి. బాధను వినడానికి వెళ్ళిన మీరు, ఆ బాధకు కారణం కనిపిస్తే అర్జీ రాయడానికి కూడా కూర్చోవాలి. అమ్మమ్మల బెంచీ మీద జరిగింది కూడా అదే, ముందు ఏ సమస్య పట్టుకుందామని.

ఇంక నేను మాట్లాడను. ఇప్పుడు మీరు చేయాల్సిన పని ఒకటి ఉంది. మీ పక్కన కూర్చున్నవారు మీకు తెలిసినవారైతే లేచి వేరే వరుసలోకి మారండి. ఇద్దరిద్దరుగా ఎదురెదురుగా కూర్చోండి. ఒకరు ఈ ఏడాది తమకు భారమైన ఒక విషయం చెప్పాలి, ఎంతవరకు చెప్పాలో వారి ఇష్టం. రెండోవారు అయిదు నిమిషాలు ఏమీ మాట్లాడకూడదు. సలహా ఇవ్వకూడదు, తమ కథ ఎత్తకూడదు, "ఊరుకో" అనకూడదు. తరువాత వంతు మార్చుకోవాలి. చంటిబిడ్డను ఇలా నాకివ్వండమ్మా, నేను ఎత్తుకుంటాను, మీరూ కూర్చోండి. గడియారం నేను చూస్తాను.